నవ్వు తెప్ప

మాఘ శుద్ధ చవితి

తూర్పు గాలి, మెత్తగా ఉంది. ఉప్పు తీసే యంత్రం నడిచింది, మంచినీళ్ళకు ఇబ్బంది లేదు. పెదలంక తాడు మీద, నడిపిలంక తాడు మీద నాచు కోత పూర్తయింది. బాతులు బాగున్నాయి.

నీళ్ళలో పడ్డవారు: ఒకరు. బుల్లిమంగ. కారణం: నిద్ర (బాతు).

ఇంతవరకు రాసి చూపిస్తే నాగభూషణం గారు, "బ్రాకెట్లో బాతేంటమ్మా? పై సభవాళ్ళు చదివితే ఏమనుకుంటారు?" అన్నారు. ఈ తెప్పల ఊరికి ఆయన పెద్ద. ఏ రోజు ఏం జరిగిందో రాసే పని నాది. వివరంగా రాయమన్నారు. రాస్తున్నాను.

బుల్లిమంగ నా తోడికోడలు, మా మరిది ఏడుకొండలు భార్య. పొద్దున తను నడక పలక మీద నిలబడి తాళ్ళు సర్దుతోంది. కాస్త దూరంలో ఏడుకొండలు నాచు తూస్తున్నాడు. తక్కెట్లోకి ఒక బాతు ఎక్కి కూర్చుంది. అదిలిస్తే దిగలేదు. మంగ దగ్గర్లో ఉంది, వింటే నవ్వుతుందని వాడు గట్టిగా కేకలెయ్యకుండా, బాతు దగ్గరికి వంగి, "అమ్మా, తవరు దిగితే మేం పని చేసుకుంటాం" అన్నాడు. బాతు వాడి వంక చూసి కళ్ళు మూసుకుంది.

మంగ విననే విన్నది. నవ్వింది. ముందు మోకాళ్ళు మడత పడ్డాయి, తరవాత దవడ జారింది, ఆ తరవాత కళ్ళు. పక్కకి ఒరిగి నీళ్ళలో పడిపోయింది. నడుం తాడు ఉంది కాబట్టి లాగేశాం. పైకి లాగేసరికి ఒళ్ళంతా నీళ్ళు కారుతూ హాయిగా నిద్రపోతోంది. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది. కాసేపటికి కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "బాతు దిగిందా?"

ఏడుకొండలు వెంటనే తాళ్ళను తేల్చే డ్రమ్ములకు పట్టిన తుప్పు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.


మాఘ శుద్ధ అష్టమి

పోటు తక్కువ. వేమవరం తాడుకు రెండు డ్రమ్ములు మార్చాం. ఏ తాడు కింద ఏ ఊరు మునిగి ఉందో ఆ తాడుకు ఆ పేరే పెట్టుకున్నాం. తాతల నాటి పేర్లు నోట్లో ఆడుతూ ఉంటాయని.

పడ్డవారు: లేరు.

సభ జరిగింది. నాగభూషణం గారు చెప్పింది ఒకటే. గాలివానల కాలం వచ్చేలోగా, మాటిమాటికీ నీళ్ళలో పడేవాళ్ళను గట్టుకు పంపెయ్యాలి. గట్టు అంటే నేల. అక్కడ శిబిరంలో గదులిస్తారు, తిండి పెడతారు. ఏడుకొండలుని వెంట పంపరు. తాళ్ళకు మనుషులు చాలరు. ఏడాదికోసారి చూసి రావచ్చు.

"నా చేతుల్తో నేను పంపాలని లేదమ్మా. గాలివానలో పడితే నడుం తాడు కూడా ఆపదు" అన్నారాయన.

అది నిజమే.

మంగకు ఈ జబ్బు వచ్చి ఆరేళ్ళయింది. కోపం వస్తే ఏమీ కాదు. ఏడిస్తే ఏమీ కాదు. నవ్వొస్తేనే నిద్ర పడిపోతుంది, నిలబడ్డ చోటే. మొదటిసారి అబ్బులు తాత ఏదో అంటే నవ్వి పడింది. అప్పుడు నడుం తాడు లేదు. తాత కూడా దూకి జుట్టు పట్టుకుని లాగాడు. ఆ రోజు నుంచి తను ఉన్నచోట తాత నోరు విప్పలేదు.

మావాళ్ళకు వెటకారం లేకుండా మాట రాదు. మంచినీళ్ళు అడిగినా వంకరగానే అడుగుతారు. అలాంటివాళ్ళు మంగ కోసం ఒక పద్ధతి పెట్టుకున్నారు. తన నడుం తాడుకు గవ్వల గుత్తి కట్టారు. గలగలమంటే చాలు, అందరూ తుప్పు గురించో, బూజు గురించో మాట్లాడుకోవాలి. పిల్లలు వాటిని మంగ మాటలు అంటారు. నవ్వు ఆపుకోలేనివాళ్ళ కోసం ఒక పాత తెప్పను గాలి వాలుకు, దూరంగా లంగరేశారు. నవ్వులు గాలికి సముద్రం మీదకు పోతాయి గాని ఇటు రావు. దాన్ని నవ్వు తెప్ప అంటాం. సాయంత్రమైతే మగవాళ్ళూ ఆడవాళ్ళూ పడవేసుకుని అక్కడికి పోయి, కడుపు నొప్పి పుట్టేలా నవ్వి, మొహాలు తుడుచుకుని, పెద్దమనుషుల్లా తిరిగి వస్తారు.

అక్కడికి ఎప్పుడూ పోనిది మంగ ఒక్కతే. నిజానికి అందరికన్నా వెటకారం ఎక్కువ తనకే.

సభ అయ్యాక, "గట్టు మీద నేల కదలదంట కదక్కా. కదలకపోతే నిద్దరెలా పడద్ది నాకు?" అంది.

నాకు నవ్వొచ్చింది. మొహం తిప్పుకుని, బూజు పట్టిన వలల గురించి ఏదో అన్నాను. తను మాత్రం నవ్వలేదు. తన మాటకు తను నవ్వకుండా ఉండడం ఎప్పుడో నేర్చుకుంది.


మాఘ పౌర్ణమి

పెద్ద పోటు. ఆస్పత్రి పడవ పోటుతోనే వచ్చింది. ఏడాదికోసారి వస్తుంది.

పడ్డవారు: లేరు.

పడవలో ఉండేది నర్సు సువార్త ఒక్కతే. డాక్టరు రాదు. డాక్టరు కర్నూలు కొండల్లో కూర్చుని చేతులకు తొడుగులు వేసుకుంటే, ఇక్కడ పడవలో ఉక్కు చేతులు అలాగే కదులుతాయి. పోయినేడు నాగభూషణం గారి కంటి శుక్లాలు అలాగే తీశారు. ఈసారి డాక్టరు పేరు ఉరుకుందమ్మ. తెర మీద కనిపించింది. నడివయసు మనిషి. నవ్వు మొహం కాదు.

సువార్త మంగ తలను యంత్రంలో పెట్టి బొమ్మలు తీసింది. అవి చూసి డాక్టరమ్మ ఏడుకొండలుని, నన్ను పిలిచి చెప్పింది.

"మెదడు కింద కొస, వెన్నులోకి దిగేచోట ఉంటాది గదా, దాన్ని మెదడు కాండం అంటారు. నిద్ర, మెలకువ, ఊపిరి, అన్నీ ఆ చోట్నే. ఈమెకు ఆ చోట రక్తనాళం ఒకటి వంకర తిరిగి ఆనుకొనుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తడుతుంది. నవ్వినప్పుడు రక్తం ఉరవడి పెరిగి గట్టిగా నొక్కుతుంది. నిద్ర పడిపోతుంది."

"తాడు డ్రమ్ముకి ఒరుసుకున్నట్టాండి?" అన్నాడు ఏడుకొండలు.

"ఒరుసుకుంటే మీరేం చేస్తారు?"

"మధ్యలో పీచు కడతామండి."

"నేనూ అదే చేస్తా. నాళాన్ని కొంచెం పక్కకి జరిపి, మధ్యలో దూది లాంటి మెత్త పెడతా. ఇంగ ఆనదు."

ఏడుకొండలు మొహం వెలిగింది. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఒక చిక్కుంది. ఆ చోట నాళాలు రెండుండాయి. పైది ఒకటి, కిందది ఒకటి. రెండూ ఆనుకొనే ఉండాయి. నిద్ర తెప్పించేది యాదో బొమ్మలో తెలీదు. తప్పుదాన్ని కదిలిస్తే ఈమెకు మింగేది పోవచ్చు, మాట పోవచ్చు. కాబట్టి తెరిచినాక ఆమె మెలకువతో ఉండల్ల, నవ్వల్ల. నవ్వినప్పుడు ఏ నాళం కింద మెదడు సంకేతం పడిపోతాదో చూసి, దాన్నే జరుపుతా."

"నవ్వకపోతేనండి?" అన్నాను.

"ఏమీ ముట్టుకోకుండా మూసేస్తా. మళ్ళా పడవ వచ్చే ఏడుకే."

వచ్చే ఏడుకు మంగ గట్టు మీద ఉంటుంది. ఆ మాట నేను డాక్టరమ్మకు చెప్పలేదు. ఏడుకొండలు చెప్పాడు.

ఆవిడ బొమ్మలు మళ్ళీ ఒకసారి చూసింది. "మీ ఊర్లో నవ్వించేవాళ్ళు ఎవరన్నా ఉండారా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.


మాఘ బహుళ తదియ

గాలి లేదు. నాచు ఎండబెట్టాం. బాతు ఒకటి తప్పిపోయి తిరిగొచ్చింది.

పడ్డవారు: లేరు.

అష్టమి నాడు నీళ్ళు కదలవు కాబట్టి ఆపరేషన్ ఆ రోజున పెట్టారు. అప్పటిదాకా ఊరంతా నవ్వు తెప్ప మీద సాధన. చూడటానికి నేనూ పోయాను.

డాక్టరమ్మ ఒక షరతు పెట్టింది. నవ్వు ఏ మాట దగ్గర వస్తుందో ముందే చెప్పాలి, ఆ మాటకు ముందు చెయ్యెత్తాలి. సరిగ్గా ఆ క్షణంలో తన చూపు నాళం మీద ఉండాలట.

అబ్బులు తాతకు మతిపోయింది. "చెయ్యెత్తి చెప్పే వెటకారం నేను పుట్టి ఎరగనండి. 'ఇదుగో, ఇక్కడ నవ్వాలి, సిద్ధంగా ఉండండి' అంటే నవ్వుతారేంటండీ ఎవరైనా? ఏడుత్తారు."

అయినా ప్రయత్నం చేశాడు. మాట చెప్పబోతూ చెయ్యెత్తాడు. అందరూ చేతి వంక చూశారు, మాట ఎవరూ వినలేదు.

నాగభూషణం గారు కూడా వచ్చారు. తనకూ ఒకటి వచ్చునన్నారు. చెప్పారు. చాలా పెద్దది. అయిపోయిందో లేదో తెలియక మేం అలాగే కూర్చున్నాం. మర్యాదకు ఇద్దరు నవ్వారు.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో తాత తెడ్డు వేస్తూ, "ఆరేళ్ళు నోరు కట్టేసుకున్నాను పల్లాలమ్మా. తుప్పు గురించి మాట్లాడి మాట్లాడి, ఇప్పుడు నిజంగానే తుప్పు పట్టేసింది" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన సరదాకు అనలేదు.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. అది నాకొక్కదానికే తెలుసు. మంగకు నవ్వు రాబోతుంటే పెదాలు కదులుతాయి. తాళ్ళ పేర్లు చదువుకుంటుంది. పెదలంక, నడిపిలంక, కొత్తపాలెం, వేమవరం. అలా వరసగా చదువుకుంటూ పోతే నవ్వు వెనక్కి పోతుందట. బాతు విషయంలో పేర్లు గుర్తు తెచ్చుకునేలోపే నవ్వొచ్చేసిందని చెప్పింది.

"ఆ రోజు మాత్రం చదవకే" అన్నాను.

"నేను చదవనక్కా. నాలిక దానంతటదే ఎల్లిపోద్ది."

"నాలిక పట్టుకో."

"పట్టుకుంటే నవ్వేదెలా?"

ఇద్దరం కాసేపు వలల బూజు గురించి మాట్లాడుకున్నాం.


మాఘ బహుళ అష్టమి

నీళ్ళు పలకలా ఉన్నాయి. కోత ఆపేశాం. అందరూ తెప్పల అంచున కూర్చుని ఆస్పత్రి పడవ వైపు చూస్తున్నారు.

పడ్డవారు: లేరు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మంగను పక్కకు పడుకోబెట్టి తల కదలకుండా చట్రంలో బిగించారు. చెవి వెనక జుట్టు తీసి, మత్తు మందు పెట్టి, చిన్న కిటికీ లాగా తెరిచారు. అది నేను చూడలేదు. నేను మొహం వైపు కూర్చున్నాను. నా పని పెదాలు చూడటం. కదిలితే, పేర్లు ఆపమని మంగ వేలి మీద తట్టాలి. మంగ చేతిలో స్టీలు గ్లాసు పెట్టారు, సగానికి నీళ్ళు పోసి. నవ్వి ఒళ్ళు సడలితే గ్లాసు పడిపోతుంది.

"నాళాలు కనపడుతుండాయి. మొదలుపెట్టండి" అంది పైనున్న స్పీకరు పెట్టెలోంచి డాక్టరమ్మ.

ముందు ఏడుకొండలు. వాడు బాతు కథ చెప్పాలి. అసలు బాతునే తెస్తానన్నాడు గాని సువార్త ఒప్పుకోలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చెయ్యెత్తి, "అమ్మా, తవరు దిగితే" అన్నాడు. మిగతాది అప్పజెప్పినట్టు అనేశాడు. మంగ వాడి వంక చూసింది. ఆ చూపులో నవ్వు లేదు, జాలి ఉంది. గ్లాసు కదలలేదు.

తరవాత నాగభూషణం గారు. మొదలుపెట్టారు, సాగదీశారు, ఎక్కడో చెయ్యెత్తి దించారు.

"అయిందా?" అంది డాక్టరమ్మ.

"అయిందండి."

"ఇది నవ్వేదా, సమాచారమా?"

మంగ పెదవి వంకర తిరిగింది. నాకు ఆశ పుట్టింది. అంతలోనే పెదాలు కదిలాయి. పెదలంక, నడిపిలంక. నేను వేలి మీద తట్టాను. అప్పటికే నవ్వు వెనక్కి పోయింది. "అలవాటక్కా" అంది చిన్నగా. కంటి కొసలో నీళ్ళు నిలిచాయి.

"ఎక్కువసేపు తెరిచి పెట్టలేను. ఇంగ ఎవరన్నా ఉండారా?" అంది డాక్టరమ్మ.

అబ్బులు తాత ముందుకు వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"మా పెదనాన్నగారి సంగతండి. నీళ్ళు మా ఊళ్ళోకి వచ్చేసిన రోజండి. అందరూ పడవలెక్కేశారు. ఆయన మాత్రం ఇంటి అరుగు మీద కుర్చీ వేసుకు కూర్చున్నాడండి. పడవ వాళ్ళు వచ్చి, 'ఏయ్ ముసలాయనా, ఎక్కు' అన్నారండి. 'పిలిచే పద్ధతి అదేనేంటండీ?' అన్నాడండి. ఎక్కలేదు. వాళ్ళు ఎల్లిపోయారు. నీళ్ళు నడుందాకా వచ్చాయి. మళ్ళీ వచ్చి, 'అయ్యా, దయచేసి ఎక్కండి' అన్నారు. 'బొట్టు పెట్టి పిలవండి' అన్నాడు. నీళ్ళు మెడ దాకా వచ్చేశాయండి. వాళ్ళు బొట్టు పెట్టి, 'అయ్యా, తవరు సకుటుంబంగా మా పడవలోకి వేంచెయ్యాలి' అన్నారండి. అప్పుడాయన, 'సరే, భోజనాల్లోకి ఏం చేయించారు?' అన్నాడండి. 'పులిహోర పొట్లాలండి' అన్నారు..."

ఇక్కడ తాత చెయ్యెత్తాడు.

"'పనసపొట్టు కూర లేదా? అయితే మీరు పదండి. మేం తరవాతి పడవలో వత్తాం' అన్నాడండి."

మంగ పెదాలు కదులుతున్నాయి. నేను తడుతున్నాను, అవి కదులుతూనే ఉన్నాయి. వేమవరం దాటిపోయింది.

"ఇదేనా నవ్వు వచ్చే చోటు?" అంది డాక్టరమ్మ.

"ఇదేనండి."

"నాకు అర్థం కాలా. నీళ్ళు మెడదాకా అంటివి. మెడదాకా వస్తే మనిషి కూర గురించి ఎట్ల అడుగుతాడు?"

"అదే కదండీ మరి."

"ఏది?"

"అడగడు కదండీ. అడిగాడు. అదేనండి."

"అడిగినాడా, అడగలేదా?"

"అడిగాడండి!" తాత గొంతు పెరిగింది. వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకు వచ్చేశాయి. "మా పెదనాన్నండి బాబూ, నాకు తెలీదేంటండీ?"

"అరవద్దు తాతా. నేను ఆ క్షణం పట్టుకోవల్ల, అందుకని అడుగుతుండా. పనసపొట్టు అంటే ఏంది?"

తాత ఊపిరి పీల్చుకున్నాడు. "పనసకాయండి. లేతది. చెక్కు తీసేసి, కత్తితో టకటకా కొట్టాలండి. సన్నగా, పొట్టులా వచ్చేదాకా. ఒక చేత్తో కాయ తిప్పుతా, ఇంకో చేత్తో కొడతా ఉండాలి. గంటసేపు పడద్దండి."

"కూరకా?"

"కూరకేనండి."

డాక్టరమ్మ ఆలోచించింది. పెట్టెలో ఆమె ఊపిరి వినిపించింది. తరవాత నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది. "అంత బాగుంటాదా? ప్రాణం కంటే?"

తాత తల వంచుకుని, కోర్టులో సాక్షిలాగా, ఒకటికి రెండుసార్లు ఆలోచించాడు.

"ఆవ పెడితేనండి" అన్నాడు.

మంగ పెదాలు ఆగిపోయాయి. లోపల్నుంచి ఏదో గురగురమని వచ్చింది. ఆపుకోవటానికి పేరేదీ దొరకలేదు. నవ్వు బయటికి తన్నుకొచ్చింది. గ్లాసు కింద పడి పడవంతా గణగణలాడింది.

"కిందది!" అని అరిచింది డాక్టరమ్మ. "కిందదే. పైది కాదు. ఎవరూ కదలొద్దు."

ఉక్కు చేతులు కదిలాయి. ఈ లోపల మంగ నిద్రపోయింది, నవ్వు మొహంతోనే. సువార్త దూది లాంటి ఒక ముక్కను అందించింది. గోరంత కూడా లేదు. మేం డ్రమ్ముకూ తాడుకూ మధ్య కట్టే పీచు గుర్తొచ్చింది. అది కట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి.

మంగ లేచింది. గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోసి చేతికిచ్చారు.

"ఇప్పుడు మళ్ళా నవ్వల్ల. అప్పుడే నాకు నమ్మకం" అంది డాక్టరమ్మ.

అందరం తాత వంక చూశాం. తాత చేతులు తిప్పేశాడు. ఉన్నదంతా అయిపోయిందన్నట్టు.

పెట్టెలోంచి డాక్టరమ్మే అంది, ఏమాత్రం నవ్వకుండా, పెద్ద చదువు చదివినావిడ గొంతుతోనే. "తాతా. ఇంగోసారి ఆవ పెట్టు."

మంగ పగలబడి నవ్వింది. చట్రం ఊగిపోయి సువార్త "తల! తల!" అని కేకలేసింది. గ్లాసులో నీళ్ళు నా మీద, మంచం మీద ఒలికాయి. గ్లాసు మాత్రం పడలేదు. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని ఉంది. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నవ్వుతూ నన్ను చూసింది. ఆరేళ్ళలో తన నవ్వు చివరిదాకా చూడటం అదే మొదటిసారి.

"మూస్తుండా" అంది డాక్టరమ్మ.

తాత గ్లాసు వంక చూసి, "నీళ్ళు ఒలికాయి, తుడవాలి" అంటూ గుడ్డ కోసం వెతికాడు. గుడ్డ ఆయన చేతిలోనే ఉంది.


మాఘ బహుళ చతుర్దశి

దక్షిణపు గాలి మొదలైంది. కొత్తపాలెం తాడు తెగితే ముడేశాం.

పడ్డవారు: లేరు.

మంగ తెప్ప మీదికి వచ్చేసింది. రెండు రోజులు వస్తువులు రెండేసి కనిపించాయట. ఏడుకొండలు ఇద్దరుగా కనిపిస్తే, "ఒకడితోనే వేగలేకపోతున్నానక్కా" అంది. ఇప్పుడు సరిపోయింది. కుట్లు దురద పెడుతున్నాయంటోంది.

జనం మాత్రం మారలేదు. గవ్వలు గలగలమంటే చాలు, తుప్పు గురించి మొదలుపెడుతున్నారు. కావాలని కాదు. నోళ్ళు అటే తిరుగుతున్నాయి. పొద్దున తను పలక మీద నడుస్తుంటే పది మంది మంచి నవ్వు మీద ఉన్నారు. తనను చూడగానే గప్‌చుప్. ఒకడు పైకి చూసి, "ఈ ఏడు బూజు ఎక్కువేనండి" అన్నాడు.

మంగ ఆగి, "నీకెక్కడ పట్టిందిరా, బుర్రలోనా?" అంది. నవ్వటానికి భయపడి వాడు దగ్గాడు.

మధ్యాహ్నం తను గవ్వల గుత్తి కోసేసింది. పారెయ్యలేదు. తీసుకుపోయి ఒక బాతు మెడకు కట్టింది. తక్కెట్లో కూర్చున్నది అదేనట. ఎన్ని ఉన్నా అదేదో తనకు తెలుసంటుంది. ఇప్పుడు ఆ బాతు వచ్చినప్పుడల్లా సగం ఊరు పెద్దమనుషుల్లా నిలబడుతోంది.


ఫాల్గుణ శుద్ధ సప్తమి

గాలి మామూలు. అన్ని తాళ్ళూ బాగున్నాయి. సభ పెట్టి, గట్టుకు పంపవలసినవాళ్ళు ఎవరూ లేరని రాయించారు.

సరుకుల పడవలో మాకొక గోనె సంచి వచ్చింది. పైన అబ్బులు తాత పేరుంది. విప్పితే పనసకాయ. లేతది, కొండ పనస. మాలో చాలామంది పనసకాయను చూడటం అదే మొదలు. ఒకడు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సంచిలో ఒక చీటీ ఉంది. "నాకు ఇంకా నవ్వు రాలేదు. తిని చూసి చెప్తా. ఒక డబ్బాలో పంపండి. ఆవ పెట్టండి. ఉరుకుందమ్మ."

తాత చీటీ రెండుసార్లు చదివించుకున్నాడు. తరవాత నవ్వు తెప్పను లాక్కొచ్చి ఊరికి ఆనించి కట్టమన్నాడు. ఇక అది దూరంగా ఉండక్కర్లేదు, వంటకు చోటు కావాలి అన్నాడు. లాక్కొచ్చి కట్టాం.

తాత ఒక చేత్తో కాయ తిప్పుతూ ఇంకో చేత్తో కత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. చుట్టూ ఊరంతా. చూపించింది చాలక మాటలు కూడా. ఆరేళ్ళ బాకీ ఒక్కపూటలో తీర్చేస్తున్నాడు. నాగభూషణం గారిని కూడా వదల్లేదు. "వంట అయ్యేలోపు తవరు ఆ చిన్న కథ మొదలెట్టండి. కూర ఉడికేసరికి సగానికొత్తాది" అన్నాడు. నాగభూషణం గారు ముందు మొహం ముడుచుకుని, తరవాత తనే అందరికన్నా గట్టిగా నవ్వారు.

కూర అయింది. ఆవ మా దగ్గర లేదు. ఎవరికీ ముందు తోచలేదు. అంత దూరం నుంచి కాయ వచ్చింది, ఊరంతా పోగైంది, ఆవ ఒక్కటి లేదు. తాత గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మంగ తెప్ప అంచున నిలబడి ఉంది. "అయితే మీరు తినండి తాతా. మేం తరవాతి పడవలో వత్తాం" అంది.

ఊరంతా ఒక్కసారిగా నవ్వింది. మంగ కూడా. కడుపు పట్టుకుని, వెనక్కి ఒక అడుగు వేసింది. వెనక తెప్ప లేదు.

దబ్బున శబ్దం వచ్చి నవ్వులన్నీ ఆగిపోయాయి. నడుం తాడు కట్టుకోవడం మానేసింది తను. ఏడుకొండలు చొక్కా విప్పేశాడు. తాత చేతిలో గరిటె నీళ్ళలో పడిపోయింది. నేను అంచుకు పరిగెత్తాను. నీళ్ళ మీద బుడగలు తప్ప ఏమీ లేవు.

బుడగల్లోంచి తల పైకి వచ్చింది. జుట్టు మొహానికి అంటుకుని, నోట్లోంచి నీళ్ళు ఉమ్ముతూ, ఇంకా నవ్వుతూనే ఉంది. ఒక చేత్తో ఈదుతోంది. రెండో చేత్తో గరిటె పైకెత్తి పట్టుకుంది.

"ఏంటలా చూత్తారు? చెయ్యివ్వండి ఎవరైనా. ఇదుగో గరిటె!"

లాగాం. బట్టలు పిండుకుంటూ నా పక్కన కూర్చుని కూర తింది. ఆవ లేకపోయినా పర్లేదంది. తాత మాత్రం ఒప్పుకోలేదు.

వాళ్ళింకా నవ్వు తెప్ప మీదే ఉన్నారు. ఆ గోలలో రాస్తున్నాను. డాక్టరమ్మకు డబ్బా కట్టాం.

నీళ్ళలో పడ్డవారు: ఒకరు. బుల్లిమంగ. కారణం: కాలు జారడం.